కళ్ళానికి రాని లస్కరు

గరువుపాలెం,
ఆగస్టు 27.

ఒరే శౌరీ,

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదాయె. వాట్సప్‌లో రాద్దామంటే మా ఇంట్లో ఫోన్లన్నీ పోలీసులు పట్టుకుపోయారు. స్కూలు వదిలిన నలభై నాలుగేళ్ళకి నీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది చూడు. నా చేతిరాత నీకు తెలిసిందే, కోడి గెలికినట్టుంటుంది. ఓపిక చేసుకుని చదువు.

జరిగింది ఘోరం. కాదనేవాడు మనిషి కాడు. ముప్పై మూడేళ్ళుగా మన కాలువ మీద లస్కరుగా షట్టర్లు ఎత్తి దించుతున్నవాణ్ణి, పట్టపగలు పదకొండింటికి ఇరవై మంది చుట్టుముట్టి కొట్టడం ఊరికే సిగ్గు. ఆ పూట నేను కూచిపూడి బ్యాంకులో ఉన్నాను. ఉండి ఉంటే ఒక్కడి చెయ్యి కూడా నీ మీద పడనిచ్చేవాణ్ణి కాదు. షట్టర్ తిప్పే ఇనప హ్యాండిల్ పెట్టి మనిషి తల మీద కొడతారా ఎవరైనా? నువ్వు కాలువలో పడితే నీళ్ళు ఎర్రబడ్డాయని చెప్పారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మా చక్రి, తనే కొట్టానని పోలీసుల దగ్గర ఒప్పేసుకున్నాడు. హత్యాయత్నం కేసు పెట్టి సబ్‌జైలుకి పంపారు. మూడేళ్ళుగా గవర్నమెంటు ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్నాడు, వచ్చే నెల్లో ఒకటి ఉంది. ఈ కేసు నిలబడితే వాడి బతుకు తెల్లారినట్టే.

వాడిది తప్పే. కానీ ఈ కుర్రాళ్ళ వైపునుంచీ ఆలోచించరా. నీ జీతం కాగితం ఎవడో ఊరి గ్రూపులో పెట్టాడు. డెబ్బై నాలుగు వేల చిల్లర! పదో తరగతి చదివి చక్రం తిప్పేవాడికి అంతా అని కుర్రాళ్ళకి కడుపు మండింది. నారు ఎండి పసుపురంగుకి తిరుగుతుంటే నువ్వు తాళం జేబులో వేసుకుని "ఇవాళ శివారు వంతండీ" అంటావు. కాలువ చివరి పొలాలకి నీళ్ళు ఎలాగూ సరిగ్గా చేరవు. దారిలో ఉన్న మాకు ఒక పూట వదిలితే నీ సొమ్మేం పోయింది?

ఎస్.ఐ. మళ్ళీ నీ దగ్గరికి వస్తాడట. మెట్ల మీద నాచుకి కాలు జారి, తల షట్టర్ ఇనుముకి కొట్టుకుందని చెప్పు. నీకు రిటైర్మెంటు ఏడు నెలలే ఉంది. నీ పెన్షను నీకొస్తుంది, నా కొడుకు నాకొస్తాడు. బ్లెస్సీని అడిగానని చెప్పు.

నీ
అప్పయ్య


పటమట, విజయవాడ,
సెప్టెంబరు 5.

వెంకటప్పయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండీ. మీరు ఒరే అని రాసినందుకు సంతోషం. నేను మాత్రం గారు అనే రాస్తాను. పదో తరగతి అయిన వేసవిలో మీ నాన్నగారు నన్ను మీ అరుగు మీంచి లేపిన రోజు నుంచీ నాకు అదే అలవాటు.

నా ఒంటి సంగతి అడగలేదు గానీ చెబుతాను. కుడి చెవి పొర చెంపదెబ్బలకి పగిలింది. ఎడమ చెవి వెనక ఎముక విరిగింది. పంతొమ్మిది కుట్లు. డాక్టరు గారు ఎక్స్‌రే కవరు మీద "ఇక రాదు" అని రాసి చూపించారు. లేచి నడిస్తే నేల ఒక పక్కకి ఒరుగుతుంది, గోడ పట్టుకోవాలి. మా బ్లెస్సీ ఒక పలక కొనుక్కొచ్చింది. నర్సు కదా, అందులో కూడా మందులే రాస్తుంది. మనవరాలు కీర్తన ఆ పలక లాక్కుని ఏనుగుల బొమ్మలు వేస్తుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరూ నన్ను లోకువ చెయ్యలేరు.

మీరు బ్యాంకులో ఉన్నారని రాశారు. చదివాను.

జీతం డెబ్బై నాలుగు వేల మూడొందలండీ. గ్రూపులో పెట్టక్కర్లేదు, అడిగితే నేనే చూపించేవాణ్ణి. చక్రం తిప్పడానికి అంతెందుకు అన్నారు. చక్రం తిప్పడానికి కండ ఉంటే చాలు, నిజమే. రాడ్డు మీద ఎన్ని మరలు పైకొస్తే కింద ఎంత దూరం నీళ్ళు పాకుతాయో, ఏ గాలికి ఏ గట్టు మెత్తబడుతుందో తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది. రెండువేల తొమ్మిది వరదలో షట్టర్ కింద తాటిదుంగ చిక్కుకుంటే మూడు రోజులు మెడలోతు నీళ్ళలో నిలబడి తీశాను. గట్టు తెగితే మొదట మునిగేది మీ వీధే. ఆ మూడు రోజులూ నా జీతమెంతని ఎవరూ అడగలేదు. రెండుసార్లు పాము కరిచింది. షట్టర్‌కి తగులుకున్న శవాలు ఇప్పటిదాకా పదిహేడు తీశాను. ఒకటి నా చేతుల్లోనే విడిపోయింది. ఆ రోజు ఇంటికెళితే మా ఆవిడ శౌరమ్మ, బతికి ఉన్న రోజులవి, నన్ను బావి దగ్గరే ఆపి నాలుగు బిందెలు కుమ్మరించింది.

కాలు జారిందని చెప్పమన్నారు. ఈ ఏడు ఆ మెట్ల మీద నాచు లేదండీ. నీళ్ళే మోకాలి లోతు ఉంటే నాచెక్కడిది? ఎస్.ఐ. గారికి ప్రస్తుతానికి ఏమీ గుర్తులేదని చెప్పాను. నాకు గుర్తొచ్చేలోపు ఇంకెవరికైనా గుర్తొస్తుందేమోనని చూస్తున్నాను.

చక్రిబాబుకి జైల్లో దుప్పటి ఇచ్చారో లేదో కనుక్కోండి.

ఇట్లు,
బాలశౌరి


గరువుపాలెం,
సెప్టెంబరు 21.

శౌరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. బెయిలు కొట్టేశారు. నువ్వు పలక మీద ఏనుగుల కథలు రాస్తున్నావు.

ఇక్కడ ఏం జరుగుతోందో తెలుసా? నీ స్థానంలో ఏజెన్సీ వాళ్ళు నతానియేలు అనే మనిషిని వేశారు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లలు. జీతం పదిహేను వేలు, అదీ మూడు నెలలకోసారి. నేను సంతోషించాను, దాచడం దేనికి. నీ ఒక్కడి జీతానికి ఇలాంటివాళ్ళు ఐదుగురు వస్తారని రచ్చబండ దగ్గర అన్నాను కూడా. మొదటి వారం మావాళ్ళ దగ్గర రెండు వేలు పుచ్చుకుని షట్టర్ పూర్తిగా ఎత్తాడు. రెండో వారం శివారు వాళ్ళ దగ్గర మూడు వేలు పుచ్చుకుని దించాడు. మూడో వారం ఇద్దరి దగ్గరా పుచ్చుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం శివారు వాళ్ళు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. వాడి కుడిచేతి వేళ్ళు షట్టర్ పళ్ళచక్రంలో పెట్టి, హ్యాండిల్ తిప్పారు. ఆ కేక మా వీధి దాకా వచ్చింది. మేం వెళ్ళేసరికి మూడు వేళ్ళు లేవు. చక్రం పళ్ళ మధ్య గోరు ఒకటి మిగిలి ఉంది. దానికి బదులు మావాళ్ళు మర్నాడు వెళ్ళి శివారులో ఇద్దరి మోకాళ్ళు గడ్డపారతో విరగ్గొట్టారు. అందులో ఒకడికి డెబ్బై ఏళ్ళు. దానికి బదులు వాళ్ళొచ్చి నా మోటారు షెడ్డు తగలబెట్టారు. లోపల సూడి గేదె కట్టేసి ఉంది. పలుపు తెంపుకోలేకపోయింది. ఇప్పుడు షట్టర్‌కి ఒక పక్క మావాళ్ళు, ఒక పక్క వాళ్ళు కర్రలు పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు ఎవరికీ లేవు.

నీ జీతం గురించి లెక్చరిచ్చావు. నాదీ విను. నేనూ ముప్పై ఎనిమిదేళ్ళుగా దున్నుతున్నాను. ఎండలో నువ్వూ నిలబడ్డావు, నేనూ నిలబడ్డాను. నాకు ఇంక్రిమెంటు ఎవడిచ్చాడు? డీఏ ఎవడు పెంచాడు? తుఫాను వచ్చిన ఏడు నా జీతం గడ్డి. నెలాఖరుకి నీకు డబ్బులు పడ్డాయి, నాకు బ్యాంకు నోటీసులు పడ్డాయి. నీకు ఎందుకొచ్చిందని కాదురా నా ఏడుపు. నాకేదీ అని.

ఇంకోటి కూడా చెబుతాను. నువ్వు మారిపోయిన రోజు నాకు గుర్తుంది. నీ ఉద్యోగం పర్మినెంటు అయిన ఏడు, సార్వా నూర్పిళ్ళప్పుడు, నువ్వు కళ్ళానికి రాలేదు. లస్కరు గోనెసంచి పట్టుకుని కళ్ళం అంచున నిలబడటం, తూర్పారబట్టిన ధాన్యంలో మొదటి బస్తా రైతు వాడికి కొలవడం మా తాతల నాటి మర్యాద. ఊరందరి ముందూ ఆ బస్తా నా కళ్ళంలో అనాథలా మిగిలిపోయింది. పోనీ పాపం అని పాలేరు చేత ఇంటికి పంపిస్తే తిప్పి పంపావు. మా నాన్న దాని వంక చూసి, "వీడికి జీతం ఎక్కువైందిరా" అన్నాడు. పోయేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడివని నాకు అప్పుడే తెలియాల్సింది.

సరే, అవన్నీ వదిలెయ్. షట్టర్ పక్కనే అరెకరం నీ పేర రాస్తాను. కాలు జారిందని చెప్పు.

అప్పయ్య


పటమట,
అక్టోబరు 2.

వెంకటప్పయ్య గారికి,

నతానియేలుని పెద్దాసుపత్రిలో చూసి వచ్చానండీ. బ్లెస్సీ ఆటోలో తీసుకెళ్ళింది. ఇద్దరం పక్కపక్కనే గంటసేపు కూర్చున్నాం. అతను రాయలేడు, నేను వినలేను. వచ్చేటప్పుడు అతని భార్య నా చేతులు పట్టుకుని ఏదో అడిగింది. బ్లెస్సీ తర్వాత పలక మీద రాసింది: "పర్మినెంటు అయితే ఇలా జరిగేది కాదు కదండీ అంటోంది." పర్మినెంటు అయిన నాకేం జరిగిందో ఆమె కళ్ళెదుటే ఉంది.

మీరు మర్యాద అన్న ఆ బస్తా గురించి చెబుతాను. ఇరవై ఏళ్ళుగా చెప్పాలని ఉంది.

నాకు నెలకి తొమ్మిది వందలు వచ్చే రోజులు. అవీ నాలుగు నెలలకోసారి. బ్లెస్సీకి పాలడబ్బా కొనాలంటే శౌరమ్మ నాట్ల కూలికి పోవాలి. తలగుడ్డ తీసి నడుముకి కట్టుకుని మీ కళ్ళం అంచున నిలబడేవాణ్ణి. మీ నాన్నగారు బస్తా నిండాక పైన ఇంకో దోసెడు పోసి, "వచ్చే ఏడు గుర్తుంచుకో" అనేవారు. గుర్తుంచుకునేవాణ్ణండీ. గుర్తుంచుకోకపోతే మాకు తిండి లేదు.

తొంభై తొమ్మిదిలో వానల్లేని ఆగస్టు మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. శివారు వంతు రోజుల్లో కూడా నేను మీ మడులకే వదిలాను. ఎనిమిది రోజులు. శివారులో ఆమోసు అని కౌలు రైతు ఉండేవాడు. రోజూ సైకిలు మీద వచ్చి షట్టర్ దగ్గర కూర్చునేవాడు. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. "లస్కరు గారూ, ఎప్పుడండీ?" అనేవాడు. నన్ను గారు అని పిలిచిన మొదటి మనిషి. నేను కాలువ వంక చూస్తూ "రేపండీ" అనేవాణ్ణి. తొమ్మిదో రోజు రాలేదు. పురుగుల మందు తాగి చేలోనే పడిపోయాడు. ఆ శవాన్ని మోసిన నలుగురిలో నేనొకణ్ణి. సమాధి దగ్గర అతని భార్య మాణిక్యమ్మ చెప్పు తీసుకుని నన్ను కొట్టింది. ఆ చెప్పు తెగేదాకా కొట్టింది. నేను కదల్లేదు. ఎవరైనా ఆపితే బాగుండునని కూడా నాకు అనిపించలేదు.

పర్మినెంటు అయిన నెలలో జీతం చేతికొచ్చాక మొదటిసారి, వంతు కాని రోజు నీళ్ళడగడానికొచ్చిన మీ మేస్త్రికి "కుదరదండీ" అని చెప్పగలిగాను. అంతకుముందు ఆ మాట నా నోట్లో లేదు. ఆ ఏడు కళ్ళానికి రాలేదు, బస్తా తిప్పి పంపాను. పొగరని మీరనుకున్నారు. నాకు ఆ బస్తాలో ఆమోసు కనపడ్డాడు.

చక్రం తిప్పడానికి పదిహేను వేలకి మనిషి దొరుకుతాడు. దొరికాడు, ఏమైందో మీరే రాశారు. నాకిచ్చే డెబ్బై నాలుగు వేలు తిప్పినందుకు కాదండీ, ఎవరొచ్చి అడిగినా వంతు తప్పి తిప్పనందుకు. ఆ డబ్బు లేనప్పుడు నేనూ తిప్పాను, ఒక మనిషి చచ్చిపోయాడు.

మీ కష్టానికి ఎవరూ ఇవ్వకపోవడం అన్యాయం. ఆ ముక్క చదివినప్పుడు మీమీద కోపం పోయింది, ఒట్టు. కానీ మీకు రాని జీతం నా చెవుల్లో దాచిపెట్టి లేదు కదా.

అరెకరం వద్దు. ఈ నెల ఇరవై ఎనిమిదిన మేజిస్ట్రేటు గారి ముందు నా వాంగ్మూలం తీసుకుంటారట. ఆ రోజుకి నాకు అంతా గుర్తొస్తుంది. ఈలోపు మీకేమైనా గుర్తొస్తే మంచిది.

బాలశౌరి


గరువుపాలెం,
అక్టోబరు 10.

బాలశౌరికి,

నీతులు చాలు. చచ్చినవాళ్ళ కథలు నాకు చెప్పకు.

నిన్న సబ్‌జైలుకి వెళ్ళాను. అన్నం లైన్లో గొడవై ఎవడో కంచం అంచుతో నా కొడుకు మొహం మీద కొట్టాడు. ముందు పళ్ళు రెండు లేవు. పెదవి ఇంతలావు వాచింది. మాట్లాడుతుంటే గాలి పోతోంది. అది చూసి వచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను.

మీ బ్లెస్సీ నీలం రంగు స్కూటీ మీద డ్యూటీకి వెళుతుంది. పొద్దున ఏడున్నరకి బయల్దేరి బెంజ్ సర్కిల్ దగ్గర ఎడమకి తిరుగుతుంది. అక్కడ లారీలెక్కువ. నేనేమీ అనడం లేదు. మావాళ్ళు కోపంగా ఉన్నారని మాత్రం చెబుతున్నాను. ఎవర్నీ నేను పట్టుకుని ఆపలేను.

కాలు జారింది. రెండు మాటలు. అవి చెప్పు, అందరం బతుకుదాం.

వెంకటప్పయ్య


పటమట,
అక్టోబరు 15.

వెంకటప్పయ్యా,

నీ ఉత్తరం ముందు బ్లెస్సీయే చదివింది. చదివి, మడిచి నా చేతిలో పెట్టి, స్కూటీ తీసుకుని డ్యూటీకి వెళ్ళింది, రోజూ వెళ్ళే దారినే. సాయంత్రం అది గుమ్మంలో అడుగుపెట్టేదాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

ఆ కాగితం భద్రంగా ఉంది. నా కూతురి చేతికి గీత పడ్డా అది ఎస్.ఐ. బల్ల మీద ఉంటుంది. అసలు అంతదాకా కూడా ఆగను. నేనే బస్సెక్కి వచ్చి నీ మెడ పట్టుకుని ఆ కాలువ బురదలో తొక్కుతాను. యాభై తొమ్మిదేళ్ళు ఎవరి మీదా చెయ్యెత్తలేదు కదా, వీడికి చేతకాదనుకోకు. ఆ హ్యాండిల్‌ని ముప్పై మూడేళ్ళు తిప్పిన చేతులివి. నీ పీక ఎంత?

ఇంకేమీ దాచను. నీకు గుర్తులేదు కాబట్టి నేనే గుర్తు చేస్తాను.

పదకొండయింది. మీ కుర్రాళ్ళు వచ్చారు. ఒకడు నా జీతం కాగితాన్ని పెద్దదిగా ప్రింటు తీయించి తెచ్చాడు. నా మొహం ముందు పెట్టి "చదవరా" అన్నాడు. ఏడు అన్నాను, చెంప మీద కొట్టారు. నాలుగు అన్నాను, రెండో చెంప మీద కొట్టారు. "సున్నాలు కూడా చదవరా" అన్నారు. కుడి చెవి అక్కడే పోయింది, లోపల వేడిగా కారింది. చొక్కా చింపారు. కడుపులో తన్నారు. కిందపడితే వేళ్ళ మీద నిలబడ్డారు. "తాళం ఇవ్వు, వదిలేస్తాం" అన్నారు. తాళం మొలతాడుకి ఉంది. రెండు చేతులతో పట్టుకుని ముడుచుకుపోయాను.

మీ చక్రి పదడుగుల దూరంలో నిలబడి రెండు చేతులతో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. మొదట్లో నవ్వాడు. రక్తం చూశాక, "ఇక చాల్రా, చచ్చిపోతాడు" అని అరిచాడు. ఫోను పట్టుకున్న రెండు చేతులతో హ్యాండిల్ ఎలా ఎత్తుతాడు?

అప్పుడు వెనకనుంచి "ఒరే శౌరీ" అని వినపడింది. ఆ ఊళ్ళో నన్నలా పిలిచేవాడివి నువ్వొక్కడివే. హమ్మయ్య, అప్పయ్య వచ్చాడు, ఆపుతాడు అనుకున్నాను. ప్రాణం లేచొచ్చి, మోకాళ్ళ మీద లేచాను. వాళ్ళు కూడా పక్కకి జరిగారు. నువ్వు చెయ్యి చాపి, "నేనడుగుతున్నా, తాళం నాకివ్వరా" అన్నావు.

"కుదరదండీ, ఇవాళ శివారు వంతు" అన్నాను.

అంతే. నేను ఆఖరిగా విన్నది నా గొంతే. నీ చెయ్యి లేవడం చూశాను, దెబ్బ వినపడలేదు. నీళ్ళలోంచి తల తిప్పి చూస్తే చక్రి ఫోను కాలువలోకి విసిరేసి, నీ చేతుల్లోంచి హ్యాండిల్ లాక్కుంటున్నాడు. నీ చొక్కాకి అంటిన రక్తం తన అరచేత్తో తుడిచి, తన చొక్కాకి రాసుకుంటున్నాడు. ఆ పిల్లాడు నిన్ను కాపాడాడు. నువ్వేమో బ్యాంకుకి వెళ్ళిపోయావు.

రెండు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. నీ అంతట నువ్వే చెబుతావని. కొడుకు పళ్ళు రాలి నేల మీద పడ్డాక కూడా నీకు నా కూతురి స్కూటీయే కనపడింది. నా ఏడుపంతా దానికే. దెబ్బకి కాదు.

ఇరవై ఎనిమిదిన నేను నిజం చెబుతాను. నీకు ఇంకా పదమూడు రోజులుంది. నాకంటే ముందు వెళ్ళి చెప్పు.

బాలశౌరి


గరువుపాలెం,
అక్టోబరు 25.

బాలశౌరి గారికి,

గారు అని రాస్తుంటే కలం ఆగింది, అబద్ధమెందుకు. రెండు కాగితాలు చింపాను. అయినా రాశాను, ఇక్కణ్ణించి మాత్రం నాకు వచ్చినట్టే రాస్తాను.

బ్లెస్సీ గురించి రాసింది నేనేనా అని ఇప్పుడు నాకే అసహ్యంగా ఉంది. అది పుట్టినప్పుడు మా అమ్మ చాటుగా ఉగ్గుగిన్నె పంపింది, నీకు గుర్తుండే ఉంటుంది. దాని కాళ్ళకి దండం పెడతానని చెప్పు. వద్దంటే చెప్పుతో కొట్టమను.

నీ ఉత్తరం పట్టుకుని చక్రి దగ్గరికి వెళ్ళాను. చదివాడు. పళ్ళు లేని నోటితో, "నువ్వు నోరు మూసుకో నాన్నా, నేను కుర్రాణ్ణి, తట్టుకుంటాను. లోపల నిన్ను ఒక్క దెబ్బ కొడితే చచ్చిపోతావు" అన్నాడు. కటకటాల్లోంచి చెయ్యి పెట్టి వాడి చెంప మీద కొట్టాను. ఇరవై ఆరేళ్ళలో వాణ్ణి కొట్టడం అదే మొదటిసారి. వాచిన వైపే తగిలింది. కొట్టిన చేత్తోనే ఆ చెంప పట్టుకుని ఏడ్చాను. జవాన్లు నన్ను లాగేశారు.

అక్కణ్ణించి తిన్నగా స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్.ఐ. ముందు నిలబడి, "కొట్టింది నేనండీ" అన్నాను. ఆయన టీ తాగుతున్నాడు. నవ్వాడు. "ప్రతి తండ్రీ ఆడే నాటకమే ఇది, ఇంటికెళ్ళండి పెద్దాయనా" అన్నాడు. హ్యాండిల్ ఏ చేత్తో పట్టుకున్నానో, ఎక్కడ కొట్టానో చూపించాను. ఆయన ఫైలు తీసి నా కాగితమే నాకు చదివి వినిపించాడు. ఆ పూట కూచిపూడి బ్యాంకులో ఉన్నానని నేను సంతకం పెట్టిన కాగితం. ఉన్నాడని నేనే బతిమాలి సాక్ష్యం చెప్పించిన పదకొండు మంది కాగితాలు. "వీళ్ళందరూ అబద్ధాలకోర్లా?" అన్నాడు. అవునన్నాను. బల్ల మీద గుద్ది అరిచాను. కానిస్టేబులు మెడపట్టి మెట్లు దింపేశాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, లోపలికే రానివ్వలేదు.

ఎందుకు కొట్టానో అడగలేదు నువ్వు. చెబుతాను. నీళ్ళ కోసం కాదు. "నేనడిగితే వాడు ఇస్తాడు, మీరు జరగండి" అని వాళ్ళందరికీ చెప్పి ముందుకొచ్చాను. మా కళ్ళం అంచున సంచి పట్టుకుని నిలబడ్డవాడు, నెత్తురు కారుతూ మోకాళ్ళ మీద ఉన్నవాడు, అందరి ముందూ నాకు కుదరదన్నాడు. అది నేను భరించలేకపోయాను. జీతం మీద కోపమని ఊరికి చెప్పాను, నీకు చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. జీతం కాదురా. నేను నీకు అక్కర్లేకుండా నువ్వు బతకడం.

డెబ్బై నాలుగు వేలు ఎక్కువే అని ఇప్పటికీ అంటాను. బతికి ఉంటే దానిమీద ఇంకో ఇరవై ఏళ్ళు పోట్లాడుకోవచ్చు. నువ్వు పలక మీద పోట్లాడు.

ఆమోసు సంగతి నాకు తెలుసు. అప్పుడే తెలుసు. ఆ ఎనిమిది రోజుల నీళ్ళలో పండిన ధాన్యం మేమూ తిన్నాం.

ఇరవై ఎనిమిదిన కోర్టు దగ్గరికి వస్తాను. వాంగ్మూలం ఇచ్చేటప్పుడు ఎవర్నీ లోపలికి రానివ్వరట, కనుక్కున్నాను. బయట వరండాలో నిలబడతాను. కొట్టిందెవరని మేజిస్ట్రేటు గారు కాగితం మీద రాసి నీకు చూపిస్తారు. నా నోటితో నేను చెప్పిన నిజం ఈ తాలూకాలో ఎవరూ నమ్మలేదు. నువ్వు చెబితే నమ్ముతారు. ఆ కాలువ మీద అటువాళ్ళయినా ఇటువాళ్ళయినా నమ్మింది నీ ఒక్కడి మాటే, తిట్టుకుంటూ అయినా. చక్రి బయటికి రావాలంటే ఇప్పుడు నీ మాట తప్ప వేరే దారి లేదు.

నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పు. జాలిపడి గొణగకు. నీ గొంతు నీకు వినపడదు, నాకు బయటికి వినపడాలి. గట్టిగా చెప్పు.

వెంకటప్పయ్య